పాత గోడలు, కొత్త కాపురం



'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అన్నారు మన పెద్దలు. నూరేళ్ళు దాటిన ఇంటిని బాగుచేసి చూడమని మాత్రం వారు అనలేదు. ఆ రోజుల్లో ఆ పని అంత కష్టంగా ఉండేది కాదేమో. సున్నం గానుగ ఊరి చివరే తిరిగేది. ఇల్లు కట్టిన మేస్త్రీ కొడుకో మనవడో అదే ఊళ్ళో ఉండేవాడు. ఏ దూలం ఎక్కడ ఆనిందో అతనికి నోటికి వచ్చు. ఈనాడు అలాంటి ఇంట్లో ఉంటున్నవారికి రెండు చిక్కులు. ఇంటి కట్టుబడి తెలిసిన మనిషి దొరకడు. తెలియని మనిషిని పిలిచి పని చేయిద్దామంటే, ఇది వారసత్వ కట్టడం, ముట్టుకోవద్దు అంటుంది చట్టం.

ఈ ప్రసంగం వింటున్న మీలో ఎందరో ఇటువంటి ఇళ్ళలో ఉంటున్నవారే. తంజావూరు కోట వీథుల్లో, పుదుచ్చేరి పాత పట్నంలో, బళ్ళారి కోట కింద, షోలాపురం పేటల్లో, బరంపురంలో గోడకు గోడ కలిసిన పొడుగాటి ఇళ్ళలో మన తెలుగువారు తరతరాలుగా కాపురాలు చేస్తున్నారు. ముంబయి పాత భవనాల్లో ఒక్కో అంతస్తులో ఒక్కో వాటాలో ఉంటున్నవారూ ఉన్నారు. ఈ ఇళ్ళకు అందం ఉంది, చరిత్ర ఉంది. కానీ లోపల స్నానాల గది లేదు. ఏసీ పెడితే ఫ్యూజు ఎగిరిపోతుంది. వానాకాలం వస్తే మిద్దె కురుస్తుంది. పిల్లలు పడగొట్టి అపార్టుమెంటు కడదామంటారు. పెద్దలు కన్నీళ్ళు పెట్టుకుంటారు. చివరికి కొందరు అమ్ముకుంటారు, కొందరు తాళం వేసి వెళ్ళిపోతారు. ఈ రెండూ కాకుండా, అదే ఇంట్లో ఈ కాలానికి తగినట్టు సుఖంగా ఉండే దారి ఏదైనా ఉందా? ఉంది. ఆ సంగతులే మీతో ముచ్చటిస్తాను. నేను ఇంజినీరును కాను, బడిపంతులిని. బంధువుల ఇంటి పని దగ్గరుండి చూసి, నిపుణులను అడిగి తెలుసుకున్నవి చెబుతున్నాను.

మొదట ఈ 'రక్షిత' అన్న మాట సంగతి చూద్దాం. ఈ మాట వినగానే చాలామంది గుండెల్లో రాయి పడుతుంది. మేకు కొట్టినా జైల్లో వేస్తారని ఒకరు చెబుతారు. ఎవరూ పట్టించుకోరు, రాత్రికి రాత్రి కట్టేయమని మరొకరు చెబుతారు. రెండూ నిజం కావు. రక్షణ మూడు రకాలు.

మొదటిది, కట్టడమే జాతీయ స్మారకం కావడం. తంజావూరు పెద్ద గుడి, వేలూరు కోట, సెంజి కోట, షోలాపురం కోట ఇలాంటివి. వీటిని భారత పురావస్తు సర్వేక్షణ శాఖ చూసుకుంటుంది.

రెండవది, అలాంటి స్మారకం పక్కన మీ ఇల్లు ఉండడం. 1958 నాటి పురాతన స్మారక కట్టడాల చట్టాన్ని 2010లో సవరించారు. దాని ప్రకారం స్మారకం హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం. అక్కడి నుంచి ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. నిషిద్ధ ప్రాంతంలో ఇంటి యజమానులు కొత్త కట్టడం కట్టకూడదు. కడితే రెండేళ్ళ దాకా జైలు గానీ, లక్ష రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. అయితే అదే చట్టంలో మనలాంటివారికి ఒక తలుపు తెరిచే ఉంది. 1992 జూన్ 16కు ముందు నుంచీ ఆ ప్రాంతంలో ఉన్న ఇల్లయితే, దాని మరమ్మతుకూ పునరుద్ధరణకూ అనుమతి కోరుతూ సంబంధిత అధికారికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాబట్టి ఆ తేదీకి ముందే మీ ఇల్లు ఉన్నదని చూపే కాగితాలు, అంటే దస్తావేజు, ఇంటిపన్ను రసీదులు, పాత కరెంటు బిల్లులు, ఇవన్నీ బంగారంతో సమానంగా దాచుకోండి. హంపి, ఆనెగొంది పరిసరాలకు 2002లో కర్ణాటక ప్రభుత్వం వేరే చట్టమే చేసి, ప్రత్యేకంగా ఒక ప్రాధికార సంస్థను ఏర్పాటు చేసింది. అక్కడివారు ఆ సంస్థను అడగాలి.

మూడవది, మీరు ఉంటున్న భవనమే నగరం వారసత్వ జాబితాలో ఉండడం. ముంబయి ఈ విషయంలో దేశానికి దారి చూపింది. 1995లో అక్కడ వారసత్వ నిబంధనలు వచ్చాయి. భవనాలను తరగతులుగా విభజించారు. మొదటి తరగతిలో లోపలా బయటా మార్పులు దాదాపు కుదరవు. రెండవ తరగతి 'ఎ'లో లోపలి మార్పులకు చాలావరకు వీలుంది, బయటి రూపాన్ని మార్చాలంటే మాత్రం గట్టి పరిశీలన ఉంటుంది. మూడవ తరగతిలో ఇంకా వెసులుబాటు ఉంటుంది. గమనించండి, జాబితాలో ఉన్న ఇళ్ళలో చాలావాటికి లోపల మార్పు చేసుకునే అవకాశం ఉంది. మీ భవనం ఏ తరగతిలో ఉందో తెలియకుండా భయపడడమూ దండగే, తెగించడమూ దండగే. పురపాలక కార్యాలయానికి వెళ్ళి రాతపూర్వకంగా అడగండి. జవాబూ రాతపూర్వకంగానే తీసుకోండి.

ఇక రెండవ సంగతి, మీ ఇల్లు దేనితో కట్టారు? ఇది తెలియకుండా ఒక్క ఇటుక కదపకూడదు. పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇంగ్లండులో పేటెంటు ఇచ్చింది 1824లో. మన దేశంలో పోర్‌బందరు దగ్గర సిమెంటు తయారీ 1914లో మొదలైంది. అంతకు ముందు కట్టిన ఇల్లు సున్నంతో కట్టిన ఇల్లని దాదాపు తేల్చి చెప్పవచ్చు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు పల్లెపట్టుల్లో సున్నమే నడిచింది.

సున్నం సంగతి మా బడిలో పిల్లలకు ఇలా చెబుతుంటాను. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు గాలి పోయి పొడిసున్నం అవుతుంది. నీళ్ళు పోస్తే పొంగి, మరిగి, తడిసున్నం అవుతుంది. ఇసుక కలిపి గోడకు వేస్తే, గాలిలోని బొగ్గుపులుసును మెల్లమెల్లగా పీల్చుకుని మళ్ళీ రాయి అవుతుంది. రాయిగా బయలుదేరి, రాయిగానే ఇల్లు చేరుతుందన్నమాట. మన మేస్త్రీలు దానికి కరక్కాయ నీళ్ళు, బెల్లం కలిపేవారు. నున్నని మెరుగుకు కోడిగుడ్డు తెల్లసొన కలిపేవారు.

సున్నం గోడకు ఒక గుణం ఉంది. నేలలోంచి ఎక్కిన తేమను, వానకు పీల్చిన తడిని అది మళ్ళీ గాలికి వదిలేస్తుంది. మనిషి చెమట పోసినట్టే. అటువంటి గోడకు పైన సిమెంటు పూత పూశారనుకోండి. తేమ లోపలికి వస్తుంది గానీ బయటికి పోలేదు. గోడలోనే ఇంకా పైకి ఎక్కుతుంది. ఉప్పు తెల్లగా పొంగుతుంది. పూత బోలుగా మారి పెచ్చులుగా ఊడుతుంది. లోపలి ఇటుక పిండి అవుతుంది. సిమెంటు వేసినా నిలవలేదు, ఈ గోడ పాడైపోయింది, పడగొట్టాల్సిందే అంటాడు మేస్త్రీ. నిజానికి సిమెంటు వేయడం వల్లే అది నిలవలేదు. సున్నం గోడకు సున్నం పూత, పైన వెల్ల లేక గాలి ఆడనిచ్చే రంగు. ఈ ఒక్క సూత్రం పాటిస్తే సగం ఇల్లు దక్కినట్టే.

మన దక్షిణాది పాత ఇళ్ళలో చాలావాటికి మద్రాసు టెర్రేసు మిద్దె ఉంటుంది. టేకు వాసాలు దగ్గరదగ్గరగా పరిచి, వాటి మీద పలచని చిన్న ఇటుకలను అంచు మీద నిలబెట్టి, ఏటవాలు వరుసల్లో సున్నంతో పేరుస్తారు. ఆ పైన ఇటుక కంకర, సున్నం కలిపిన కాంక్రీటు పరిచి, రోజుల తరబడి బల్లలతో కొట్టి గట్టిపరుస్తారు. దాని మీద పలచని పెంకు బిళ్ళలు. వేసవిలో కింద చల్లగా ఉంటుంది. నీరు దిగకుండా చూసుకుంటే నూరేళ్ళకు మించి ఉంటుంది. దీని బలహీనత అంతా ఒక్క చోటే ఉంది. వాసం కొస గోడలోకి దూరిన చోట తడి చేరితే అక్కడ పుచ్చుతుంది, చెదలు పడుతుంది. పైకి చూస్తే వాసం బాగానే కనిపిస్తుంది. అందుకని ఏ పనికైనా ముందు ప్రతి వాసం కొసనూ సుత్తితో తట్టి చూడాలి. ఖంగుమంటే గట్టిది, డొల్ల శబ్దం వస్తే అనుమానించాలి. పుచ్చిన కొసను మాత్రమే కోసి కొత్త చెక్క అతికే పద్ధతి ఉంది. మొత్తం మిద్దె విప్పనక్కర లేదు.

ఒక సంగతి గుర్తుంచుకోండి. ఈ సున్నం సూత్రం అన్ని పాత భవనాలకూ వర్తించదు. ముంబయిలో ఓవల్ మైదానం పక్కన 1930ల నాటి ఆర్ట్ డెకో భవనాలు ఉన్నాయి. 2018లో యునెస్కో వాటిని పక్కనున్న విక్టోరియా కాలపు భవనాలతో కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అవి ఇనుప చువ్వల కాంక్రీటుతో కట్టినవి. వాటి జబ్బు వేరు. సముద్రపు గాలికి లోపలి చువ్వ తుప్పు పట్టి ఉబ్బి, కాంక్రీటును పగలగొడుతుంది. దానికి మందు కూడా వేరు. అన్నట్టు, ముంబయి నగరాన్ని కట్టిన చేతుల్లో తెలుగు ప్రాంతాల నుంచి వలస వెళ్ళిన కామాటీల చేతులూ ఉన్నాయి. కామాఠీపురా అన్న పేరు వారి వల్ల వచ్చినదే.

ఇప్పుడు నేను దగ్గరుండి చూసిన ఒక ఇంటి కథ చెబుతాను. పుదుచ్చేరిలో మా పెద్దమ్మ కూతురి అత్తవారిల్లు. వారసత్వ జాబితాలో ఉన్న ఇల్లు. వీధి వైపు అరుగు, లోపల మండువా, పైన పొడుగాటి కిటికీల మేడ. అన్నదమ్ములు ముగ్గురు వాటాలు వేసుకున్నారు. మేడ మీది వాటా మా అక్కయ్య వాళ్ళది. వాళ్ళ అత్తగారికి 74 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. మరుగుదొడ్డి కింద, పెరటి చివర. మధ్యలో 18 నిటారు చెక్క మెట్లు. రాత్రి లేవవలసి వస్తుందన్న భయంతో ఆవిడ సాయంత్రం ఆరు దాటితే మంచినీళ్ళు తాగడం మానేశారు. ఈ సంగతి ఇంట్లోవారికి చాలాకాలం తెలియదు. డాక్టరు అడిగితే బయటపడింది. "ఎవరినీ లేపడం నాకిష్టం లేదు నాయనా" అన్నారట ఆవిడ.

ఇల్లు కావాలా, అమ్మ కావాలా అన్న మాట వచ్చింది ఆ రోజు. పెద్దబ్బాయి అమ్మేద్దామన్నాడు. మా బావగారు పైన స్నానాల గది కట్టేద్దామన్నారు. ఒక కాంట్రాక్టరు వచ్చి పడకగది మూలలో చోటు చూపించాడు. అడుగు ఎత్తున ఇటుక ముక్కల కాంక్రీటు నింపి, దాని మీద టైల్సు వేసి, గోడ తొలిచి గొట్టాలు పెడతానన్నాడు. వారం రోజుల పని అన్నాడు. అదృష్టవశాత్తు పాత కట్టడాల పని తెలిసిన ఒక ఇంజినీరమ్మను కూడా పిలిచారు. ఆవిడ కాగితం మీద చిన్న లెక్క వేసి చూపించారు. ఆ లెక్క మీరూ వినండి.

గది అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడుగు. అడుగు ఎత్తు నింపితే 35 ఘనపుటడుగులు, అంటే దాదాపు ఒక ఘనమీటరు. ఇటుక ముక్కల కాంక్రీటు ఘనమీటరు బరువు ఒకటిన్నర నుంచి రెండు టన్నులు. దాని మీద ఇటుక గోడలు, టైల్సు, నీళ్ళు, మనిషి. ఇదంతా నూరేళ్ళ టేకు వాసాల నడుమ, గదికి మూల. పైగా అనునిత్యం తడి. బరువుకు వాసం వంగుతుంది, తడికి కొస పుచ్చుతుంది. కింద పడుకునేది మూడో కోడలూ పిల్లలూ.

మరి ఏం చేశారు? మొదట వెంటనే చేయదగిన పని చేశారు. ఆ వారమే మందుల షాపు నుంచి కమోడ్ కుర్చీ తెచ్చి పెద్దావిడ గదిలో పెట్టారు. మెట్లకు రెండు వైపులా చేతికి పట్టు దొరికేలా కమ్మీ బిగించారు. రాత్రి దీపం పెట్టారు. దీనికి ఎవరి అనుమతీ అక్కర లేకపోయింది. ఇల్లు బాగుచేయడం నెలల పని. మనిషి అవస్థ ఈ రాత్రిది. ఈ రెంటినీ కలిపి చూడవద్దని నా మనవి.

ఆ తర్వాత శాశ్వతమైన ఏర్పాటు. మేడ వెనక వైపు వరండా ఉంది. దాని కింద సరిగ్గా కింది వాటా వంటింటి గోడలు ఉన్నాయి, బాగా మందంగా. ఆ గోడ నుంచి ఈ గోడకు ఇనుప దూలాలు వేశారు. బరువంతా గోడల మీదికి పోతుంది, టేకు వాసాల మీద పడదు. అడ్డుగోడలకు ఇటుక వాడలేదు, పలచని సిమెంటు ఫైబరు పలకలు వాడారు. నేలను అడుగు ఎత్తు పెంచలేదు. నీరు దిగని పూత వేసి, పైన పలచని బిళ్ళలు పరిచారు. మలినం పోయే 110 మిల్లీమీటర్ల గొట్టం, వాడుక నీరు పోయే 75 మిల్లీమీటర్ల గొట్టం రెండూ పెరటి వైపు గోడకు బయటే, కంటికి కనిపించేలా బిగించారు. అడ్డంగా పోయే చోట నాలుగడుగులకు ఒక అంగుళం వాలు. గోడ తొలవలేదు. కారితే ఎక్కడ కారిందో అందరికీ కనిపిస్తుంది, అరగంటలో బాగుచేయవచ్చు. గోడలో దాచిన గొట్టం కారితే ఏడాదికి గానీ తెలియదు. వీధి వైపు నుంచి చూస్తే ఇంటి రూపం ఇసుమంత కూడా మారలేదు. అందువల్ల వారసత్వ సంఘంవారు పటం చూసి అభ్యంతరం చెప్పలేదు.

కింది వాటా కోడలికి మాత్రం భయం పోలేదు. తన వంటింటి నెత్తిన స్నానాల గది అంటే ఎవరికి మాత్రం భయం ఉండదు? మా అక్కయ్య ఆవిడతో, "చెల్లీ, నీ భయం సబబే. కారితే ఖర్చు మాది. రాసిస్తాం" అంది. రాసిచ్చారు కూడా. ఏడాదికోసారి వానలకు ముందు ఇద్దరూ కలిసి గొట్టాలు చూడాలని ఆ కాగితంలో ఉంది. ఇంజినీరు వేసిన లెక్క ఎంత అవసరమో, తోడికోడళ్ళ మధ్య ఈ కాగితం అంత అవసరం. పెద్దావిడ ఇప్పుడు రాత్రి భోజనంలో గ్లాసు నిండా మంచినీళ్ళు తాగుతున్నారు.

ఇక కరెంటు సంగతి. చాలా పాత ఇళ్ళలో చెక్క పట్టీల్లో నడిపిన పాత తీగలే ఉన్నాయి. అవి నాలుగు బల్బులకూ ఒక ఫ్యానుకూ వేసినవి. వాటికే గీజరు, ఫ్రిజ్, ఏసీ తగిలిస్తే టేకు ఇంట్లో నిప్పు దాచుకున్నట్టే. తీగలు మొత్తం మార్చండి. ఏసీకీ గీజరుకూ వేర్వేరు లైన్లు, వేర్వేరు ఎంసీబీలు పెట్టించండి. మనిషికి షాకు తగిలితే అది ప్రాణం మీదికి రాకముందే కరెంటును ఆపే 30 మిల్లీ ఆంపియర్ల పరికరం ఒకటి ఉంటుంది, దాన్ని ఆర్సీసీబీ అంటారు. అది తప్పనిసరి. పెరట్లో మంచి ఎర్తింగు తప్పనిసరి. తీగల కోసం గోడలను అడ్డంగా తొలచవద్దు. అడ్డంగా తొలిచిన గాడి మందపు గోడ బలాన్ని కూడా తగ్గిస్తుంది. గోడ మీదే సన్నని గొట్టాల్లో, మూలల వెంబడి, దూలాల పక్కగా నడిపితే కంటికి ఎబ్బెట్టుగా ఉండదు. రేపు మార్చాలన్నా తేలిక. ఏసీ బయటి పెట్టె వీధి గోడకు ఎప్పుడూ తగిలించవద్దు, పెరటి వైపుకో మండువా మూలకో పంపండి. ఆ నీరు గోడ మీద కారకుండా గొట్టం పెట్టండి. ఏసీ కావాలన్నా ముందు మిద్దె బాగుచేయించండి, కిటికీల రెక్కలు సరిగ్గా మూసుకునేలా చేయండి. ఎత్తైన కప్పు, మందపు గోడలు, పలకల కిటికీలు ఉన్న ఇంట్లో ఏడాదిలో చాలా నెలలు దాని అవసరమే ఉండదు.

నీళ్ళ ట్యాంకు. వెయ్యి లీటర్ల నీళ్ళ బరువు వెయ్యి కిలోలు, అంటే ఒక టన్ను. ఈ లెక్క అయిదో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. అయినా పాత మిద్దె నడిమధ్యన నల్లని ట్యాంకులు ఎన్ని ఇళ్ళలో కనిపిస్తున్నాయో చూడండి. పెరట్లో నేల మీద ట్యాంకు పెట్టి చిన్న ప్రెషరు పంపు వాడడం మేలు. తప్పదంటే ఇనుప దూలాలు వేసి, రెండు మందపు గోడల మీద ఆనేలా పెట్టించండి.

నేల. ఎర్ర గచ్చో, ఆత్తంగుడి బిళ్ళలో ఉంటే వాటి మీద కొత్త టైల్సు వేయవద్దు. అంగుళం మందం గారా, టైల్సు కలిపితే చదరపు మీటరుకు దాదాపు 70 కిలోలు. పది బై పన్నెండు గదికి ముప్పావు టన్నుకు పైనే. ఈ బరువు మేడ మీద ఎందుకు? పాత నేలను కడిగి, పగుళ్ళు పూడ్చి, నూనె పట్టించి తుడిస్తే మళ్ళీ అద్దంలా వస్తుంది. తలుపులకు కిటికీలకు పాత రంగు గీకించేటప్పుడు ఒక జాగ్రత్త. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. పొడిగా గీకితే ఆ దుమ్ము పసిపిల్లలకు విషం. తడి చేసి గీకించండి, పిల్లలను ఆ రోజుల్లో అక్కడ ఉంచకండి.

పనుల వరుస కూడా ముఖ్యం. మన దగ్గర మొదట రంగు వేయిస్తారు, చివర మిద్దె కురుస్తోందని గుర్తుకొస్తుంది. మొదట మిద్దె, వాన నీటి గొట్టాలు, గోడల్లో మొలిచిన రావి మొక్కలు. తర్వాత నేలమట్టంలో మురుగు కాలువలు. తర్వాత వాసాలు, గోడలు. ఆ పిమ్మట నీళ్ళ గొట్టాలు, కరెంటు. రంగు అన్నిటికన్నా చివర. డబ్బు చాలకపోతే రంగు దగ్గర ఆపండి, మిద్దె దగ్గర ఆపకండి. పని మొదలుపెట్టే ముందు ప్రతి గదినీ నాలుగు వైపులా ఫొటోలు తీసి పెట్టుకోండి. అనుమతికీ పనికొస్తాయి, పక్కింటివారితో పగుళ్ళ తగవు వస్తే సాక్ష్యానికీ పనికొస్తాయి.

సరిహద్దుల్లో ఉన్న మనకు ఒక సౌకర్యం ఉంది. మనకు రెండు భాషలు వచ్చు. పాత పనివాళ్ళను వారి మాటలో అడిగితేనే పాత పని బయటికి వస్తుంది. మన సున్నాన్ని తమిళంలో సుణ్ణాంబు అంటారు, కన్నడంలో సుణ్ణ, మరాఠీలో చునా, ఒడియాలో చూన. మన అరుగు తమిళుల తిణ్ణై, కన్నడిగుల జగలి, మరాఠీవారి ఓటా, ఒడియావారి పిండా. మన మండువా తమిళుల ముట్రం, కన్నడిగుల తొట్టి. ఊళ్ళో ముసలి మేస్త్రీ ఎవరైనా ఉంటే కూలికి పిలవకపోయినా సలహాకు పిలవండి. పక్కన ఒక కుర్రవాణ్ణి నిలబెట్టి నేర్పించండి.

ఇంత శ్రమ ఎందుకని అడిగేవారికి రెండు ఉదాహరణలు చెబుతాను. ముంబయిలో ఎస్‌ప్లనేడ్ మాన్షన్ అని ఒక భవనం ఉంది. 1860లలో ఇంగ్లండులో ఇనుప చట్రం పోతపోయించి, ఓడలో తెచ్చి నిలబెట్టిన వాట్సన్ హోటలు అది. 1896లో లూమియేర్ సోదరుల చలనచిత్రాలను మన దేశంలో మొదటిసారి చూపించింది అక్కడే. తర్వాత దాన్ని చిన్న చిన్న గదులుగా చీల్చి అద్దెలకు ఇచ్చారు. ఎవరి గది వారు చూసుకున్నారు, మొత్తం భవనాన్ని ఎవరూ చూడలేదు. 2005లో ఒక భాగం కూలింది. 2019లో అందులోని వారిని ఖాళీ చేయించారు. వారసత్వ జాబితాలో ఉండడం వల్ల భవనం నిలబడదు. చూసుకునేవారు ఉంటేనే నిలబడుతుంది. అందుకే వాటాల ఇళ్ళలో ఉండేవారికి నా మనవి. మిద్దె, మెట్లు, బయటి గోడ, మురుగు కాలువ అందరివీ. నెలకింత అని ఒక ఉమ్మడి నిధి పెట్టుకోండి.

రెండవది మన యానాం సోదరులకు దగ్గరిది. పుదుచ్చేరి సముద్రపు ఒడ్డున 19వ శతాబ్దపు మేరీ భవనం, అంటే ఫ్రెంచివారి పురపాలక భవనం ఉండేది. బాగుచేద్దాం, బాగుచేద్దాం అంటుండగానే 2014 నవంబరులో వానకు కూలిపోయింది. తర్వాత అదే రూపంలో మళ్ళీ కట్టారు. ఆ ఊళ్ళోనే మంచి ఉదాహరణ కూడా ఉంది. వైశ్యాళ్ వీధిలో వరుసగా ఉన్న పాత ఇళ్ళ ముఖాలను బాగుచేశారు. ఆ పనికి 2008లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో ఒకటి దక్కింది. ఒక్క ఇల్లు బాగైతే అది అందం. వీధి బాగైతే అది ఊరు.

పాత ఇంట్లో కొత్త సౌకర్యం పెడితే అపచారం అనుకునేవారికీ ఒక మాట. పుదుచ్చేరిలో ఆనందరంగ పిళ్ళై గారి 18వ శతాబ్దపు మేడ ఉంది. కస్తూరి రంగకవి తెలుగులో ఆనందరంగరాట్ఛందం రచించినది ఆ పిళ్ళైగారి పేరిటే. ఆ ఇంట్లో కింది అంతస్తు మన పద్ధతిలో చెక్క స్తంభాలతో ఉంటుంది, పై అంతస్తు ఐరోపా పద్ధతి స్తంభాలతో ఉంటుంది. ఆ కాలంవారు కూడా తమ కాలానికి నచ్చిన కొత్తదనాన్ని ఇంట్లోకి తెచ్చుకున్నారు. పాతదాన్ని పడగొట్టకుండా, దాని బలం తెలుసుకుని, దాని పక్కన కొత్తదాన్ని నిలబెట్టారు. మనం చేయవలసిందీ అంతే. మనం పెట్టే ప్రతి కొత్త వస్తువూ రేపు మన మనవలు విప్పుకోవాలంటే గోడకు దెబ్బ తగలకుండా విప్పుకునేలా ఉండాలి. ఈ ఒక్క పరీక్ష పెట్టుకుంటే చాలా తప్పులు తప్పుతాయి.

కాబట్టి శ్రోతలారా, ఈ వానాకాలానికి ముందు ఒక ఆదివారం తీరిక చేసుకోండి. సుత్తి, టార్చిలైటు, ఒక నోటు పుస్తకం పట్టుకుని మీ ఇల్లంతా తిరగండి. వాసాల కొసలు తట్టండి. మిద్దె మీది మొక్కలు పీకండి. నీరు ఎక్కడ ఆగుతోందో రాసుకోండి. ఇంట్లో పెద్దవారిని కూర్చోబెట్టి, ఈ ఇంట్లో మీకు ఏది కష్టంగా ఉందని అడగండి. వారు అడగకుండా చెప్పరు. ఆ జవాబును నోటు పుస్తకంలో మొదటి పేజీలో రాయండి. పని అక్కడి నుంచి మొదలుపెట్టండి.